హంపిలో ఒక రోజు: గుళ్ళ కంటే కాలవలే ఎక్కువ చూసినాం

పోస్టు పొడుగ్గా ఉంటది, చేన్లో పని ఉన్నోళ్ళు రాత్రికి చదువుకోండి. 2025 ఫిబ్రవరిలో శనగలు ఒబ్బిడి చేసుకున్నాక మా ఊరి నుంచి పదిహేడు మందిమి హంపి పోయొచ్చినాం. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్ళు గడిచిపోయింది. ఫోటోలు అప్పుడే గ్రూపులో పెట్టినా. ఈ పోస్టు ఫోటోల్లో కనపడని సంగతుల గురించి.

మా ఊరు తుంగభద్ర దిగువ కాలవ కింద ఉంది. చివరి ఆయకట్టు. హోస్పేట అనే పేరు మేము చిన్నప్పటి నుంచీ వింటానే ఉన్నాం, కానీ ఎట్లా? డ్యాంలోకి ఎంత ఇన్‌ఫ్లో, ఎన్ని టీఎంసీలు, నీళ్ళు ఎప్పుడు వదులుతారు, అంతే. ఆ డ్యాం పక్కనే, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, మన రాయలవారి పట్నం ఉందని అందరికీ తెలుసు గానీ మా పదిహేడు మందిలో ముందు చూసినోళ్ళు ఇద్దరే. తెల్లారుజామున మూడుకి టెంపో ఎక్కి, బళ్ళారి మీదుగా ఏడున్నరకి హంపిలో దిగినాం.

గైడు ఆ ఊరి పిల్లోడే. కన్నడం కలిసిన తెలుగు బాగా మాట్లాడినాడు. రోజంతటికీ ఒక రేటు మాట్లాడుకున్నాం. "సార్, ముందు విరూపాక్ష, తర్వాత రాణివాసం, మధ్యానం విఠలాలయం, సాయంత్రం డ్యాం" అని వరస చెప్పేసినాడు.

విరూపాక్షస్వామి గుడి గురించి ఎక్కువ రాయను, అందరూ రాసిందే. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, నూట అరవై అడుగులకి పైనే. లోపల వెనకపక్క ఒక చీకటి గదిలో, గోడకున్న చిన్న సందులోంచి వచ్చే వెలుగుతో ఆ గోపురం నీడ తలకిందులుగా పడతది. మా పెద్దమామ చాలాసేపు దాని ముందరే నిలబడి, "సందు చిన్నదైతే బొమ్మ తిరగబడతదా రా" అని అడిగినాడు. వెలుగు నేరుగా పోతది కాబట్టి పైనుంచి వచ్చేది కిందికి, కింద నుంచి వచ్చేది పైకి పోయి పడతది, అంతే. పాతకాలం కెమెరా పెట్టెలో జరిగేది కూడా ఇదే. 1510లో కృష్ణదేవరాయలు పట్టాభిషేకం గుర్తుగా కట్టించిన రంగమండపం కూడా ఈ గుళ్ళోనే ఉంది.

ఆ మీదట హేమకూటం పక్కన రెండు వినాయకులు. ఒకాయన శశివెకాళు గణపతి, ఇంకొకాయన కడలెకాళు గణపతి. కన్నడంలో మొదటిది ఆవగింజ, రెండోది శనగగింజ. శనగగింజ స్వామి పదిహేను అడుగులు ఉంటాడు! శనగలు అమ్ముకుని వచ్చినోళ్ళం కదా, మావాళ్ళంతా ఆయన దగ్గరే ఫోటోలు దిగినారు. ఆ ఏడు క్వింటా ధర ఎంత పలికిందో ఆయనకి చెప్పుకున్నోళ్ళు కూడా ఉన్నారు.

కృష్ణ గుడి దగ్గరికి వచ్చేసరికి మన వైపు కథ తగిలింది. రాయలవారు ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి ఈ గుడి కట్టించినాడు. మన నెల్లూరు ఉదయగిరే. విగ్రహం ఇప్పుడు హంపిలో లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. గుడికి ఎదురుగా ఒకప్పటి బజారు, రెండు పక్కలా రాతి స్తంభాల వరసలు. దాటి చూస్తే అరటితోటలు, పచ్చగా. ఫిబ్రవరిలో, ఆ బండల కొండల మధ్యన, అంత పచ్చదనం ఏందప్పా అనిపించింది. బళ్ళారి దాటినప్పటి నుంచీ దోవంతా ఎండిపోయిన చేలే చూసినాం మరి.

దానికి జవాబు ఇంకో రెండు ఫర్లాంగుల్లో దొరికింది. ఉగ్రనరసింహస్వామి అని అందరూ పిలిచే పెద్ద విగ్రహం ఉంది కదా, 1528లో రాయలవారే చెక్కించింది, ఇరవై రెండు అడుగులు, ఒకటే బండ. అసలు అది లక్ష్మీనరసింహుడు, ఒళ్ళో ఉన్న అమ్మవారి విగ్రహం పగిలిపోయింది. దాని పక్కనే చిన్న గదిలో బడవిలింగం. పది అడుగుల లింగం, ఎప్పుడూ నీళ్ళల్లోనే ఉంటది. గైడు "ఒక పేదరాలు చేయించిందంట సార్, అందుకే బడవి అంటారు" అని చెప్పి ముందుకి పోబోయినాడు. మా పెద్దమామ కదల్లేదు.

"ఈ నీళ్ళు యాడనుంచి వస్తున్నాయి నాయనా?"

"కాలవ నుంచి సార్."

"ఏం కాలవ?"

"తుర్తు కాలవ. పాతదే, రాజుల కాలంది."

"ఇప్పుడు పారతాందా?"

"పారతాంది కదా సార్, ఆ అరటితోటలన్నీ దాని మీదే."

ఇంక ఆ పిల్లోడికి మా నుంచి విడుదల లేదు. రాణివాసం తర్వాత చూద్దాంలే, ముందు కాలవ చూపించు అన్నాం. ఇరవై ఏండ్ల నుంచి చూస్తున్నా, కాలవ చూపించమని అడిగిన టూరిస్టులు మీరే అని పక్కన కొబ్బరిబోండాలు అమ్మే ఆయన నవ్వినాడు.

కాలవ పెద్దదేం కాదు. మన డిస్ట్రిబ్యూటరీ అంత ఉంటది. ఒకపక్క కొండ బండలు, ఒకపక్క తోటలు, మధ్యన మెలికలు తిరుగుతా పోతాంది. నీళ్ళు మెల్లగా, తేటగా ఉన్నాయి. గుళ్ళున్న నదిఒడ్డుకీ రాజుల కోటకీ మధ్యన ఉన్న లోయ మొత్తం ఈ కాలవ కింద మాగాణి. అంటే పట్నం నడిబొడ్డున వరి పండించుకున్నారు. శత్రువు వచ్చి కోట చుట్టూ కూర్చున్నా లోపల గింజ ఉంటది, నీళ్ళుంటాయి. విజయనగరం అన్నేండ్లు నిలబడిందంటే గుర్రాలు, ఏనుగులే కారణం కాదు, ఈ లోయకి కూడా అందులో వాటా ఉందని నాకనిపిస్తది.

ఇంక ఆనకట్ట సంగతి. తుంగభద్రకి అడ్డంగా విజయనగర రాజులు కట్టినవన్నీ ఎత్తు తక్కువ కట్టలే. నదిలో సహజంగా ఉన్న పెద్ద పెద్ద గుండ్లని అట్లాగే ఉంచి, వాటి మధ్యన సందుల్లో కోసిన బండలు పేర్చి, అవసరమైన చోట ఇనప బద్దెలతో బిగించినారు. సున్నం లేదు, గచ్చు లేదు. వరద వస్తే కట్ట మీదుగానే దాటిపోతది. కట్ట దాన్ని ఆపాలని చూడదు, నీటి మట్టాన్ని కొంచెం ఎత్తి పక్కన కాలవలోకి మళ్ళిస్తది, అంతే దాని పని. గేట్లు లేవు, గొలుసులు లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, డ్యాం దగ్గరికి పోయినాక మళ్ళీ పనికొస్తది. ఇట్లాంటి కాలవలు ఒకటీ రెండూ కావు, నదికి రెండు పక్కలా ఉన్నాయి. రాయ కాలవ, బసవన్న కాలవ లాంటి వాటికి ఇప్పుడు డ్యాం నుంచే నీళ్ళిస్తున్నారు.

మధ్యానం కమలాపురం వైపు రాజుల ప్రాంగణం. మహర్నవమి దిబ్బ, దసరా పండగ రాజు కూర్చుని చూసిన రాతి అరుగు, మూడు అంతస్తులు. ఎక్కినాం, దిగినాం. లోటస్ మహల్, పదకొండు గదుల ఏనుగుల సాల, అన్నీ చూసినాం, అన్నీ బాగున్నాయి. కానీ దిబ్బ పక్కన ఉన్న మెట్ల పుష్కరిణి మాత్రం అందరినీ నిలబెట్టేసింది. నల్లరాతి మెట్లు, అయిదు వరసలు, చదరంగా కిందికి దిగిపోతాయి. 1980ల దాకా అది మట్టి కింద ఉందంట, తవ్వకాల్లో బయటపడింది. ఒక్కో రాయి మీద చిన్న చిన్న అక్షరాలు, గీతలు ఉన్నాయి. ఏ రాయి ఏ పక్క ఏ వరసలో పెట్టాలో గుర్తులన్నమాట. రాళ్ళు వేరే చోట చెక్కి, గుర్తులు పెట్టి, తెచ్చి ఇక్కడ జోడించినారు. దానికి నీళ్ళు తెచ్చేది రాతి దోనె. స్తంభాల మీద నిలబెట్టిన రాతి దోనెలు వరసగా దూరం నుంచి వస్తాయి. మన మోట బాయి తొట్టి నుంచి కాలవకి పెట్టే దోనె లేదా? అదే, కానీ రాతిలో, చాలా పొడుగు. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాక్ ఈ పట్నంలో నున్నగా చెక్కిన రాతి కాలవల్లో నీళ్ళు పారడం చూసి రాసుకున్నాడు. దారి పక్కన ఇంకోచోట కాలవకి అటూ ఇటూ రాతిలోనే విస్తరాకుల్లాగా చెక్కిన పళ్ళాలు ఉన్నాయి. భోజనశాల అంటారు. తిని లేచినాక పక్కన పారే నీళ్ళతోనే కడిగేసుకోవచ్చు. మా వదిన "ఇంత తెలివి మన పెండ్లి భోజనాల దగ్గర లేకపాయె" అనింది.

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం. బీజాపూరు, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు సుల్తానులు ఒకటై వచ్చినారు, రామరాయలు చచ్చిపోయినాడు, తమ్ముడు తిరుమల రాయలు ఖజానా తీసుకుని పెనుగొండ వైపు పోయినాడు. పట్నం నెలల తరబడి దోపిడీ. గైడు ఇది చెప్పేటప్పుడు గొంతు మార్చి సినిమాలోలాగ చెప్పినాడు. సరే. మట్టీ కట్టే వాడిన మేడలు కాలిపోయినాయి, ఇప్పుడు వాటి రాతి పునాదులే ఉన్నాయి. రాజులు లేరు, జనం లేరు. మరి కాలవ ఎట్లా బతికింది? నా లెక్కలో కారణం ఒకటే. పట్నం కూలినా లోయలో మడి దున్నేవాడు పోలేదు, పోయినా తిరిగొచ్చినాడు. నీళ్ళు కావాల్సినోడు పూడిక తీసుకుంటాడు, గండి పడితే రాయి పెట్టుకుంటాడు. నాలుగున్నర వందల ఏండ్లు ఆ పని ఎవరో ఒకరు చేస్తానే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ బండ మీదా లేవు.

రాజులని ఊరికే పొగడటం కూడా నాకిష్టం లేదు. హోస్పేటకి దక్షిణాన రాయలవారు ఒక పెద్ద చెరువు కట్టించినాడు, రాయకెరె అంటారు. రెండు కొండల మధ్యన కట్ట. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసువాడు పాయెస్ అక్కడ పదిహేను ఇరవై వేలమంది చీమల్లాగ పనిచేస్తా ఉంటే చూసినానని రాసినాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిపోయిందని, అప్పుడు మనుషుల్ని బలిచ్చినారని కూడా రాసినాడు. తర్వాత వచ్చిన నూనిజ్ కూడా చావుశిక్ష పడిన ఖైదీల తలలు నరికించినారనే రాసినాడు. కట్ట నిలబడటానికి ఒక పోర్చుగీసు మేస్త్రీ సాయం కూడా తీసుకున్నారంట. అంత చేసినా ఆ చెరువు ఇప్పుడు ఎండిపోయి ఉంది, కట్ట మాత్రం మిగిలింది. చిన్న తుర్తు కాలవ పారతానే ఉంది, రాజు ఖ్యాతి కోసం కట్టిన పెద్ద చెరువు ఎండింది. దీని మీద మా టెంపోలో గంటసేపు వాదన నడిచింది, తెగలేదు.

ఒక మంచి మాట కూడా నూనిజే రాసినాడు. ఆ చెరువు కింద కొత్తగా భూములు సాగులోకి తెచ్చేవాళ్ళకి తొమ్మిదేండ్లు శిస్తు లేకుండా ఇచ్చినారంట. రాయలవారు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట కూడా ఇదే ఆలోచన ఉంది. రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలవలు తవ్వించి, పేద రైతుకి పన్నులో వెసులుబాటు ఇస్తే రాజ్యం పెరుగుతది అని. నేలని మాగాణి చేయాలంటే మొదటి నాలుగైదేండ్లు రైతు చేతి నుంచే పోతది. ఆ సంగతి తెలిసిన పాలకుడు చెప్పిన మాట అది.

ఇక్కడ హంపి వదిలి కొంచెం మన కడప జిల్లాకి రావాలి. పోరుమామిళ్ళ చెరువు ఎంతమంది చూసినారు? దాని అసలు పేరు అనంతరాజసాగరం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. కట్ట మీద భైరవుడి గుడి ముందర రెండు బండల మీద 1369 నాటి శాసనం ఉంది. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని అని అందులో చెక్కినారు. 2020లో దీన్ని, కంభం చెరువుని, కేసీ కాలవని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చినారు. అది సంతోషమే. కానీ రైతు చదవాల్సింది ఆ శాసనంలో ఇంకొకటి ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు కావాలి, ఆరు దోషాలు ఉండకూడదు అని చెరువు శాస్త్రం మొత్తం చెప్పేసినాడు.

అంగాల్లో గట్టి బంకనేల కావాలి, తియ్యనీళ్ళ ఏరు దూరం నుంచి రావాలి, కట్టకి రెండు చివర్లా కొండ తగలాలి, కట్ట మరీ పొడుగు కాకుండా గట్టి రాతితో ఉండాలి, దగ్గర్లోనే పొడుగ్గా నిటారుగా వచ్చే రాయి దొరికే గని ఉండాలి, పని తెలిసిన జనం ఉండాలి, ఇట్లా పోతది. మన పెద్దోళ్ళు చెరువు జాగా చూసేటప్పుడు చెప్పే మాటలే. దోషాలు వినండి. కట్టలోంచి నీళ్ళు ఊరడం. చవుడు నేల. చెరువు మధ్యలో తాబేటి వీపులాగ మిట్ట ఉండటం. నీళ్ళు ఎక్కువై పారే నేల తక్కువ కావడం. నీళ్ళు తక్కువై పారించాల్సిన నేల ఎక్కువ కావడం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఈ చివరి రెండూ నేను హంపి నుంచి డ్యాంకి పోయే దోవలో మావాళ్ళకి చదివి వినిపించినా. టెంపోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమామ, "ఆరువందల యాభై ఏండ్ల కిందటే మన గురించి రాసిపెట్టినారు కదరా" అన్నాడు.

నిజమే మరి. 1945లో తుంగభద్ర డ్యాం పని మొదలైనప్పుడు నదికి ఆ ఒడ్డున నిజాం రాజ్యం, ఈ ఒడ్డున మద్రాసు రాష్ట్రం. సరిహద్దు నదిలోనే ఉంది. 1953కి డ్యాం పూర్తయింది. అదే ఏడు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, బళ్ళారి తాలూకా మైసూరుకి పోయింది, డ్యాం ఒక రాష్ట్రంలో, చివరి ఆయకట్టు ఇంకో రాష్ట్రంలో పడింది. ఇప్పుడు మూడు రాష్ట్రాల వాటాలు. ఇంక నీళ్ళు తక్కువ, ఆయకట్టు ఎక్కువ అనే దోషం సంగతి చివరి మడిలో నాట్లేసినోడికి నేను చెప్పక్కర్లేదు. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి చేరి ఇప్పుడు 105.788 టీఎంసీలు అంటున్నారు. అంటే 27 టీఎంసీల జాగాలో మట్టి ఉంది. ఆ మట్టి మన వాటాలోంచే పోయింది, అందరి వాటాలోంచీ పోయింది.

సాయంత్రం అయిదుకి డ్యాం దగ్గరున్నాం. సిమెంటు లేకుండా సుర్ఖీ గచ్చుతో కట్టిన పెద్ద డ్యాం ఇది, చూస్తే గౌరవం కలుగుతది. 33 గేట్లు. అందరి కళ్ళూ 19వ గేటు కోసం వెతికినాయి. 2024 ఆగస్టు 10 రాత్రి దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది గుర్తుంది కదా. డ్యాం నిండుగా ఉంది, ఆ ఒక్క సందులోంచే 35 వేల క్యూసెక్కులు. మిగతా గేట్లు కూడా ఎత్తి డ్యాం ఖాళీ చేయాల్సి వస్తదేమో, ఖరీఫ్ పోయినట్టే అని ఆ వారం మన ఊర్లల్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నారుమళ్ళు పోసినోళ్ళ బాధ చెప్పేది కాదు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు గారు వచ్చి, పారే నీళ్ళల్లోనే స్టాప్‌లాగులు దించి వారంలోపే ఆపించినారు. ఆ పెద్దాయనకి, ప్రాణానికి తెగించి ఆ నీళ్ళ మీద పనిచేసిన కార్మికులకి, మా ఊరి తరఫున దండం పెట్టుకున్నాం.

గైడు పిల్లోడు అప్పుడొక మాటన్నాడు. "సార్, పొద్దున మీరు చూసిన కట్టకి గొలుసు లేదు కదా, తెగేదానికి." నిజమే గానీ, ఆ కట్టతో దిగువ కాలవకి నీళ్ళు రావు, ఇన్ని లక్షల ఎకరాలకి ఇవ్వాలంటే నిలపాల్సిందే, నిలపాలంటే గేటు కావాల్సిందే. పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అనుకుంటే మన పొట్టలు నిండవు. తేడా ఎక్కడుందంటే, గుండ్ల కట్టని చూసుకునే పనిని దాని కింద పండించేవాడే చేసుకోగలడు. డెబ్బై ఏండ్ల గేటు గొలుసుని మడి కాడ ఉన్న రైతు చూసుకోలేడు. చూసేవాళ్ళు వేరే ఉండాలి, వాళ్ళకి డబ్బు రావాలి, ప్రతి ఏడూ రావాలి. ఆ తర్వాత 2025 వానకాలంలో గేట్ల భద్రత చూసుకుని 80 టీఎంసీల దగ్గరే నిలపాలని నిర్ణయం చేసినారు. వాన పడినా, ఏరు నిండినా, మన వాటా తగ్గింది.

పాతకాలంలో దీనికి ఒక ఏర్పాటుండేది, దశబంధం ఇనాం. చెరువు కట్టినోడికి, బాగుచేసినోడికి ఆ చెరువు కిందే కొంత భూమి శిస్తు లేకుండానో తక్కువ శిస్తుతోనో ఇచ్చేవాళ్ళు. దానికి బదులుగా వాడు, వాడి తర్వాత వాడి కొడుకులు, ఏటా కట్ట, తూము, మరవ చూసుకోవాలి. చెరువు ఎండితే ముందు వాడి చేనే ఎండుతది, అందుకే చూసుకునేవాడు. మన రాయలసీమ ఊర్లల్లో ఈ పేరుతో ఇప్పటికీ సర్వే నంబర్లు ఉన్నాయి, పాత అడంగలు తీసి చూడండి. భూములు చేతులు మారినాయి, బాధ్యత ఎవరికీ రాలేదు. మా ఊరి చెరువు మరవ పక్కన కంపచెట్లు పెరిగి ఎన్నేండ్లయిందో నాకే గుర్తులేదు. హంపి నుంచి వచ్చినాక పదిమందిమి కలిసి రెండు రోజులు కొట్టినాం. జేసీబీకి చందా వేసుకుని తూము ముందర పూడిక తీయించినాం, ఆ మట్టి చేన్లకే తోలుకున్నాం. మిగిలిన పని ఈ ఎండాకాలం.

పోవాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఎండాకాలం వద్దు, ఆ బండలు కాలిపోతాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. ముసలోళ్ళుంటే విఠలాలయానికి బ్యాటరీ బండి ఉంది, నడవాల్సిన పని లేదు. యాభై రూపాయల నోటు మీద ఉండే రాతిరథం అక్కడే. సంగీత స్తంభాలని ఇప్పుడు ముట్టుకోనివ్వరు, గైడుతో గొడవ పడకండి. తుర్తు కాలవ చూపించమని పొద్దున్నే చెప్పండి, లేకుంటే వాళ్ళ వరసలో అది ఉండదు. అన్నం కట్టుకుని పోతే అరటితోటల పక్కన కూర్చుని తినొచ్చు.

ఇంకొకటి. మీ ఊరి చెరువు కట్ట మీదో, తూము దగ్గరో, ఆంజనేయస్వామి గుడి పక్కనో అక్షరాలున్న బండ ఉంటే సున్నం కొట్టకుండా, ముగ్గుపిండి పూయకుండా, నీళ్ళతో కడిగి ఫోటో తీసి కింద కామెంట్లో పెట్టండి, ఊరి పేరు రాయండి. పాత లిపి చదవగలిగినోళ్ళు మన పేజీలో ఇద్దరు ముగ్గురున్నారు, చదివించుకుందాం.